కిండిల్ కొనే ముందు పుస్తకాల పట్టీ రాసుకోండి

ప్రశ్న: మాది హైదరాబాద్, మల్కాజిగిరి. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నేను చదివేవి ఎక్కువగా తెలుగు కథలు, నవలలు, పాత వ్యాసాలు. మావారు ఇంగ్లిషు డిటెక్టివ్ నవలలు తప్ప మరొకటి ముట్టరు. రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఇంకో పుస్తకాల బీరువాకు చోటు లేదు. పైగా శుక్లాల ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ చిన్న అక్షరాలు చదవాలంటే ఇబ్బందిగా ఉంటోంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి సంక్రాంతికి వస్తూ కిండిల్ తెస్తానంటున్నాడు. పక్క ఫ్లాట్ అమ్మాయి కోబో మేలంటోంది. ఫోన్ ఉండగా ఇవన్నీ దండగని మా మేనల్లుడి వాదన. ఏది తీసుకోమంటారు? తెలుగు ఈ-పుస్తకాలు ఎక్కడ కొనాలి? అవి వచ్చాక ఇంట్లో ఉన్న పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేయవచ్చా? (పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం:

అమ్మా, మీ అబ్బాయిని కిండిల్ తీసుకురమ్మనండి. వచ్చాక దాన్ని మీవారి చేతిలో పెట్టండి. ఆయన చదివే పుస్తకాలకు అంతకన్నా సుఖమైన ఏర్పాటు ఇవాళ మరొకటి లేదు. మీ సంగతి వేరు. తెలుగు చదివేవారికి ఆ సలహానే ఇచ్చి ఊరుకోవడం అన్యాయం.

ఈ-రీడర్ (కిండిల్, కోబోలాంటి ఈ-పుస్తకాల పరికరం) గురించి అడిగేవారిలో నూటికి తొంభై మంది పరికరం గురించే అడుగుతారు. తెర ఎన్ని అంగుళాలు, ఛార్జింగ్ ఎన్నాళ్లుంటుంది, నీళ్లలో పడితే పాడవుతుందా అని. వీటిలో పెద్ద రహస్యాలేమీ లేవు. కిండిల్, కోబో, బూక్స్ (దీని సంగతి తర్వాత చెబుతాను), ఏది తీసుకున్నా లోపల ఉన్న తెర దాదాపు ఒకే రకం. అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలలో పుట్టి 1997లో కంపెనీగా ఏర్పడిన ఈ-ఇంక్ వాళ్లదే ఆ సాంకేతికత. వెంట్రుక మందం గుళికలలో తెలుపు, నలుపు రేణువులు ఉంటాయి. విద్యుత్తు తగిలినప్పుడు కొన్ని పైకి తేలతాయి, కొన్ని అడుగుకు పోతాయి. పేజీ తిప్పినప్పుడే కరెంటు ఖర్చు, ఆ తర్వాత అక్షరాలు అలాగే నిలిచి ఉంటాయి. అందుకే ఒకసారి ఛార్జ్ చేస్తే వారాల తరబడి వస్తుంది. ఫోన్ తెరలాగా కంట్లోకి వెలుగు కొట్టదు, బాల్కనీలో ఎండలో కూర్చున్నా కాగితంలాగే కనిపిస్తుంది. ఆపరేషన్ అయిన కళ్లకు ఇది నిజంగా హాయి. ఇంతవరకు అన్ని కంపెనీలూ సమానమే.

తేడా అంతా దుకాణంలో ఉంది. కిండిల్ అంటే అమెజాన్ దుకాణానికి వేసిన తలుపు. కోబో అంటే కోబో దుకాణానికి తలుపు. మీరు డబ్బు పెట్టేది ఒకసారి పరికరం మీద, జీవితాంతం దుకాణం మీద. కాబట్టి మీకు కావలసిన పుస్తకాలు ఏ కొట్లో ఉన్నాయో ముందు చూసుకోవాలి.

ముందు అమెజాన్ కొట్లో తెలుగు సంగతి ఎలా ఉందో చూద్దాం. అమెజాన్ మన దేశంలో కిండిల్ దుకాణం తెరిచింది 2012లో. భారతీయ భాషల పుస్తకాలను ఆర్భాటంగా మొదలుపెట్టింది 2016 డిసెంబరులో. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం: మొత్తం ఐదు భాషలు. తెలుగు లేదు. తమిళులకు, మలయాళీలకు అప్పటి నుంచీ తామరతంపరగా పుస్తకాలు వచ్చాయి. రచయితలే నేరుగా ప్రచురించుకున్నారు, చదివేవారూ అలవాటు పడ్డారు. ఆ దుకాణంలో ఇప్పుడు తెలుగు అని వెతికితే ఏమీ రావని కాదు, వస్తాయి. వాటిలో కొన్ని తెలుగు నేర్చుకునేవారి కోసం ఇంగ్లిషులో రాసినవి. కొన్ని పేజీలను బొమ్మలుగా అతికించినవి. మరికొన్నింటికి ఫలానా పరికరాల్లోనే తెరుచుకుంటాయని చిన్న అక్షరాల్లో షరతు ఉంటుంది. మంచివీ ఉంటాయి. ఏది ఏదో తెలియాలంటే ఉచిత శాంపిల్ దించుకుని పది పేజీలు చదివి చూడటమే మార్గం. శాంపిల్ చూడకుండా తెలుగు ఈ-పుస్తకం ఏ దుకాణంలోనూ కొనకండి.

మనం ఇంత వెనకబడటానికి అమెజాన్ ఒక్కటే కారణం కాదు. తెలుగు పుస్తకాల డీటీపీ, అంటే కంప్యూటర్లో అచ్చుకు పేజీలు కూర్చే పని, దశాబ్దాలుగా పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే ఫాంట్లతో నడిచింది. ప్రతి భాష అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండేలా చేసేది యూనికోడ్. అను ఫాంట్లు దానికి ముందు కాలపు పద్ధతి. కంప్యూటర్ లోపల అవి తెలుగు అక్షరాలుగా నమోదు కావు, తెలుగు ఆకారం తొడుక్కున్న ఇంగ్లిషు సంకేతాలుగా ఉంటాయి. కాగితం మీద అచ్చు వేస్తే ముత్యాల్లా వస్తాయి. ఆ ఫైలును ఈ-పుస్తకంగా మారుద్దామంటే మొత్తం యూనికోడ్‌లోకి తిప్పాలి, తిప్పినప్పుడు వచ్చే తప్పులన్నీ మళ్లీ ప్రూఫు చూడాలి. మూడు వందల పేజీల నవలకు ఆ పని ఎవరు చేస్తారు, డబ్బు ఎవరిస్తారు? వెయ్యి ప్రతులు అచ్చేసి అవి అమ్ముడుపోవడానికే ఏళ్లు ఎదురుచూసే ప్రచురణకర్తను ఈ విషయంలో నిలదీయడానికి నాకైతే మనసు రాదు. ఉన్న ఫైలును పీడీఎఫ్‌గా చేసి ఇవ్వడం ఆయనకు సులువు. అందువల్లే మనకు దొరికే తెలుగు ఈ-పుస్తకాల్లో చాలా భాగం పీడీఎఫ్‌లే.

మీ కళ్లకు అసలు పరీక్ష ఇక్కడే. ఈ-పుస్తకాలు ప్రధానంగా రెండు రకాలు. ఈపబ్ అనే రూపంలో అక్షరాలు స్వేచ్ఛగా ఉంటాయి. మీరు సైజు పెంచితే వాక్యాలు తెర వెడల్పుకు తగ్గట్టు మళ్లీ సర్దుకుంటాయి. కిండిల్ సొంత రూపాలూ అలాంటివే. పీడీఎఫ్‌లో పేజీ బిగుసుకుని ఉంటుంది. సైజు పెంచితే పేజీ మొత్తం పెరుగుతుంది, తెర మాత్రం పెరగదు. ఒక్కో వాక్యానికి కుడికి, ఎడమకు జరుపుకుంటూ చదవాలి. లెక్క వేసి చూడండి. మన నవలలు ఎక్కువగా డెమ్మీ సైజులో, అంటే సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తులో వస్తాయి. ఆరంగుళాల ఈ-రీడర్ తెర వెడల్పు 3.6, ఎత్తు 4.8 అంగుళాలు. పూర్తి పేజీ అందులో పట్టాలంటే అక్షరం సగానికి దగ్గరగా చిక్కిపోతుంది. పుస్తకంలో 12 పాయింట్లున్న అక్షరం తెర మీద 7 పాయింట్లకు వస్తుంది. మందుల డబ్బా మీద రాతలు చదివినట్టుంటుంది. అంచులు కత్తిరించి చూపించే సదుపాయం ఉంటుంది, పరికరాన్ని అడ్డంగా పట్టుకోవచ్చు, కొంత మెరుగవుతుంది. అంతే. అదే 10.3 అంగుళాల తెర అయితే డెమ్మీ పేజీ దాదాపు అసలు సైజులోనే కూర్చుంటుంది.

అక్షరాలు పెద్దవి చేసుకోవాలన్నదే మీ మొదటి అవసరం. అంటే మీరు వెతకవలసింది ఈపబ్ రూపంలోని తెలుగు. అది దొరికినా, దాన్ని మీ పరికరం సరిగ్గా చూపించాలి. ఇంగ్లిషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడితే చాలు. మన అక్షరాలకు గుణింతాలు నెత్తినెక్కాలి, వత్తులు కిందకు దిగాలి, రెండు వత్తులు వస్తే రెంటికీ చోటు కుదరాలి. దీన్ని పరీక్షించడానికి ఒక చిట్కా చెబుతాను. ఒక ఫైలులో ఈ మాటలు టైపు చేయించి పరికరంలోకి పంపండి: స్త్రీ, రాష్ట్రం, సంస్కృతి, జ్ఞానం, వైశిష్ట్యం, అర్ఘ్యం. తెర మీద ‘స్త్రీ’ ఒకే అక్షరంగా నిలిస్తే బతికిపోయినట్టే. ‘స్‌త్‌రీ’ అని పొల్లులు విడివిడిగా కనిపించినా, కింద ఉండవలసిన తవత్తు పక్క అక్షరం మీద పడినా, గీతలు గళ్లు కనిపించినా ఆ పరికరం మీకు పనికిరాదు. ‘వైశిష్ట్యం’ కూడా కఠినమైన పరీక్షే, మూడు హల్లులు కలిసి ఒకే అక్షరంగా కుదరాలి. అబ్బాయిని అక్కడే, కొన్న దుకాణం తిరిగి తీసుకునే గడువు ముగియకముందే ఈ పరీక్ష చేసి ఫొటో పంపమనండి. కిండిల్‌లోకి సొంత ఫైళ్లు పంపే సేవకు సెండ్ టు కిండిల్ అని పేరు. 2022 నుంచి అది ఈపబ్‌ను తీసుకుంటోంది. కనుక పరీక్షకు ఇబ్బంది లేదు.

ఇక తాళాల సంగతి, అంటే కొన్న ఈ-పుస్తకం వేరేచోట తెరుచుకోకుండా దుకాణాలు పెట్టే కట్టడి. కాగితం పుస్తకం కోఠిలో కొన్నా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నా ఒకే బీరువాలో పెట్టుకుంటాం. ఈ-పుస్తకాలు అలా కావు. అమెజాన్‌లో తాళంతో అమ్మిన పుస్తకం కిండిల్‌లోనో కిండిల్ యాప్‌లోనో మాత్రమే తెరుచుకుంటుంది. కోబో, మరికొన్ని కంపెనీలు అడోబీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వారి తాళాన్ని ఆమోదిస్తాయి, కిండిల్ ఆమోదించదు. మన తెలుగు ఈ-పుస్తకాలకు తొలితరం దుకాణం కినిగె. 2010లో మొదలైంది. కొనడమే కాక పుస్తకాన్ని కొన్నాళ్లకు అద్దెకు తీసుకునే పద్ధతి కూడా పెట్టింది. దాని పుస్తకాలకు ఉండేది అడోబీ తాళం. అక్కడ కొని కిండిల్‌లో చదువుదామనుకున్నవారికి ఫైలు దిగేది, పుస్తకం మాత్రం తెరుచుకునేది కాదు. ఏ దుకాణంలో కొన్నా ముందు మూడు విషయాలు అడగండి: ఈపబ్బా పీడీఎఫ్‌ఫా, తాళం ఉందా లేదా, ఏ పరికరాల్లో తెరుచుకుంటుంది. జవాబు చెప్పలేని దుకాణానికి డబ్బు కట్టనక్కరలేదు.

తాళం కన్నా పెద్ద బెంగ దుకాణం మూతపడటం. ఫ్లిప్‌కార్ట్ 2012లో ఈ-పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టి 2015 చివర్లో మానేసింది. కొన్నవారి పుస్తకాలను కోబోకు మార్చుకునే ఏర్పాటు చేసింది కాబట్టి పరువు దక్కింది. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు జనం కొన్న పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వాపసు ఇచ్చారు, పుస్తకాలు మాత్రం పోయాయి. 2009లో అమెజాన్ హక్కుల తగాదా వచ్చి కొందరు పాఠకుల కిండిళ్లలోంచి వారు కొన్న నవలలను దూరం నుంచే తుడిచేసి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించి కేబుల్‌తో కిండిల్‌కు ఎక్కించుకునే వెసులుబాటు కూడా తీసేసింది. ఇవి చదివి భయపడనక్కరలేదు. మనం కొంటున్నది పుస్తకం కాదు, చదువుకోవడానికి అనుమతి. కాలిఫోర్నియాలో 2025 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది, ఇలాంటి అమ్మకాల్లో కొనుగోలుదారుకు దక్కేది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పి తీరాలి. మనకు అలా ఎవరూ చెప్పరు, మనమే గుర్తుపెట్టుకోవాలి. ఒకసారి చదివి పక్కన పెట్టే డిటెక్టివ్ నవలకు అనుమతి చాలు. పిల్లలకు మిగల్చాలనుకునే పుస్తకం అయితే కాగితం మీదే కొనండి.

ఇప్పుడు మీ ఇంటి చుట్టూ ఉన్న సలహాదారుల దగ్గరకు వద్దాం.

మీ మేనల్లుడి మాటలో సగం నిజం ఉంది. తెలుగు అక్షరాలను ఇవాళ అందరికన్నా చక్కగా చూపించేది మామూలు ఆండ్రాయిడ్ ఫోనే. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు పుస్తకాలు అమ్మకానికి ఉన్నాయి. మీ దగ్గరున్న ఈపబ్, పీడీఎఫ్ ఫైళ్లను కూడా అందులోకి ఎక్కించి చదువుకోవచ్చు. ఎక్కడి దాకా చదివారో ఫోన్‌లోనూ ట్యాబ్లెట్‌లోనూ గుర్తుంటుంది. కథలు, ధారావాహికలు చదివే ప్రతిలిపిలాంటి యాప్‌లు కూడా ఫోన్లోనే పనిచేస్తాయి, కిండిల్‌లో పనిచేయవు. ఐఫోన్ వాడుతుంటే ఒక హెచ్చరిక: ఆపిల్ బుక్స్‌లో మన దేశంలో ఉచిత పుస్తకాలే దొరుకుతాయి, కొనుక్కునేవి ఉండవు. మేనల్లుడు చెప్పని సగం ఏమిటంటే, వెలుగు చిమ్మే చిన్న తెర మీద గంటల తరబడి చదవడం మీ కళ్లకు భారం. మధ్యలో వాట్సాప్ మోగితే నవల గోవిందా. కళ్లు అలసిన పూట వినాలనిపిస్తే తెలుగు ఆడియో పుస్తకాలకు దాసుభాషితం ఉంది, మన హైదరాబాద్ వాళ్లదే. వినడం చదవడంతో సమానమా అని అడగకండి, నాకు కథలు వినడమూ ఇష్టమే.

పక్కింటి అమ్మాయి కోబో మేలనడంలో తప్పు లేదు. కెనడాలో పుట్టి, 2012 నుంచి జపాన్ కంపెనీ రకుటెన్ చేతిలో ఉన్న కోబో కాస్త విశాల హృదయం గలది. ఈపబ్ ఫైలును కేబుల్‌తో ఎక్కిస్తే గొణగకుండా తెరుస్తుంది, అడోబీ తాళాన్నీ ఒప్పుకుంటుంది. విదేశీ గ్రంథాలయాల్లో సభ్యత్వం ఉన్నవారు ఓవర్‌డ్రైవ్ అనే సేవ ద్వారా ఈ-పుస్తకాలు అరువు తెచ్చుకోవచ్చు. ఆ అమ్మాయి ఇంగ్లిషు చదివేదై, కంప్యూటర్‌తో చనువున్నదై ఉంటుందని నా ఊహ. కోబో దుకాణంలో మీ తెలుగు నవలల కోసం వెతికితే నిరాశే. చెడిపోతే హైదరాబాద్‌లో ఎవరు చూస్తారో తేల్చుకోకుండా దాన్ని విదేశం నుంచి తెప్పించుకోకండి.

మీకు నేను చెప్పేది నాలుగోది, మీ ఇంట్లో ఎవరూ ప్రస్తావించనిది: ఆండ్రాయిడ్ ఉన్న ఈ-ఇంక్ పరికరం. ఓనిక్స్ అనే చైనా కంపెనీ బూక్స్ పేరుతో తయారుచేసేవి వీటిలో ప్రసిద్ధం. తెర కిండిల్‌లాంటిదే, లోపల మాత్రం ఫోన్. ప్లే బుక్స్, కిండిల్, ప్రతిలిపి, కోబో యాప్‌లన్నీ ఒకే పరికరంలో పెట్టుకోవచ్చు. అంటే ఏ ఒక్క దుకాణానికీ కట్టుబడి ఉండనక్కరలేదు. తెలుగు సరిగ్గా చూపదన్న బెడద తక్కువ, ఎందుకంటే అక్షరాలు కూర్చే పని ఆండ్రాయిడ్ చేస్తుంది. ఆరేడు అంగుళాల నుంచి 10.3 అంగుళాలు, ఆపై సైజుల్లోనూ ఉన్నాయి. లోపాలు దాచను. ధర ఎక్కువ. కిండిల్‌లా తెరిచి చదివేయడం కుదరదు, మొదటి రోజు ఎవరైనా పక్కన కూర్చుని యాప్‌లు పెట్టి, అనవసరమైనవి తీసేసి, వెలుతురు సర్ది ఇవ్వాలి. ఆ పని మేనల్లుడికి అప్పగించండి, ఫోన్ చాలన్న పాపానికి. ఛార్జింగ్ కిండిల్ అంత కాలం రాదు. యాప్‌లు తెరిచేటప్పుడు ఫోన్లో ఉన్నంత చురుకు ఉండదు, పేజీలు తిప్పేటప్పుడు ఫర్వాలేదు.

అయితే ఈ నెలలోనే కొనకండి. ముందు ఒక పట్టీ రాయండి. వచ్చే ఏడాదిలో మీరు నిజంగా చదవాలనుకుంటున్న ఇరవై పుస్తకాల పేర్లు. చదవాలని అందరూ అనుకునే పుస్తకాలు వద్దు, మీకు కావలసినవే. ఒక్కొక్కటీ ప్లే బుక్స్‌లో, అమెజాన్‌లో వెతికి, దొరికిందా, ఈపబ్బా పీడీఎఫ్‌ఫా, శాంపిల్‌లో అక్షరాలు సరిగా ఉన్నాయా అని పక్కన రాసుకోండి. దొరకని వాటి కోసం డిసెంబరులో ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన పెట్టినప్పుడు ఆ పట్టీ చేతిలో పట్టుకుని వెళ్లండి. ప్రచురణకర్తలు స్వయంగా స్టాళ్లలో కూర్చుంటారు. ఈ పుస్తకం ఈ-బుక్‌గా ఎక్కడుంది, పెద్ద అక్షరాలతో చదివే వీలుందా అని ముఖం మీదే అడగండి. నలుగురు అడిగితేనే వాళ్లకూ అవసరం తెలుస్తుంది.

పట్టీలో ఈపబ్‌లు ఎక్కువ వస్తే ఏడెనిమిది అంగుళాల ఆండ్రాయిడ్ ఈ-రీడర్ తీసుకోండి, చేతికి తేలిక. పాత వ్యాసాల స్కాన్లే ఎక్కువైతే 10.3 అంగుళాలు తప్ప గత్యంతరం లేదు. ఇరవైలో ముప్పాతిక వంతు ఎక్కడా దొరక్కపోతే, డబ్బు మిగుల్చుకుని మంచి చదువు దీపం, భూతద్దం కొనుక్కోండి. హాస్యానికి అనడం లేదు.

పాత వ్యాసాలన్నారు కదా, వాటికి దుకాణంతో పనే లేదు. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లకు ఆయన రచనలపై హక్కులు ముగుస్తాయి. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి రచనలు ఎప్పుడో అందరివీ అయ్యాయి. 1961లో మరణించిన శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి రచనలకు 2022 జనవరి 1తో హక్కులు తీరాయి. చలం 1979 దాకా ఉన్నారు కాబట్టి 2040 దాకా ఆగాలి. ఈలోగా ఎవరైనా ఆయన పుస్తకాల పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపితే అది దొంగ సరుకే. హక్కులు తీరిన రచనలకు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత వెబ్‌సైట్‌ను మించింది లేదు. ఔత్సాహికులు స్కాన్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం టైపు చేసి, సరిచూసి పెడుతున్నారు. దించుకునే మీట నొక్కితే ఈపబ్ వస్తుంది, తాళం లేదు, సైజు ఎంతైనా పెంచుకోవచ్చు. ఏ పరికరాన్నయినా పరీక్షించడానికి కూడా ఇవే మంచి ఫైళ్లు. అక్కడ లేనివి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో వెతకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో జరిగిన స్కానింగ్‌లో తెలుగు పుస్తకాలు కోకొల్లలుగా చేరాయి, ఆ పనికి మన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ కూడా ఒక కేంద్రం. అక్కడ పేర్లు ఇంగ్లిషు లిపిలో, చిత్రమైన స్పెల్లింగులతో ఉంటాయి. ఒకే పేరును మూడు నాలుగు రకాలుగా రాసి వెతికితే తప్ప చిక్కవు. పేజీలు అక్కడక్కడా వంకరగా, కొన్ని చోట్ల స్కాన్ చేసినవారి బొటనవేలితో సహా దర్శనమిస్తాయి. అయినా మరెక్కడా లేని పుస్తకం అక్కడ ఉంటుంది.

మీవారి కిండిల్ గురించి రెండు జాగ్రత్తలు. అబ్బాయి ప్రేమకొద్దీ తన అమెరికా ఖాతాతోనే రిజిస్టర్ చేసి తెస్తాడు. వద్దని చెప్పండి. అప్పుడు పుస్తకాలు డాలర్లలో, అక్కడి ధరలకు, అతని కార్డు మీద కొనాలి. మన దేశంలో మాత్రమే అమ్మే హక్కులున్న ప్రతులు కనిపించవు. పెట్టె విప్పగానే మీవారి సొంత అమెజాన్ ఇండియా ఖాతాతో, హైదరాబాద్ చిరునామాతో రిజిస్టర్ చేయండి. తర్వాత మార్చుకోవచ్చు కానీ ఈలోగా కొన్న పుస్తకాలు అబ్బాయి ఖాతాలోనే ఉండిపోతాయి. ఏడంగుళాల కిండిల్ పేపర్‌వైట్ 2025లో ఇక్కడ విడుదలైనప్పుడు దాని ధర 16,999 రూపాయలు. అమెరికా ధరతో పోల్చి, వారంటీ ఎక్కడ చెల్లుతుందో చూసి, తేడా స్వల్పమైతే ఇక్కడే కొనమనండి. నెలవారీ చందాతో చదివే కిండిల్ అన్‌లిమిటెడ్ ఇక్కడ 2015 నుంచి ఉంది. పేరు చూసి దుకాణంలోని పుస్తకాలన్నీ దొరుకుతాయనుకోవద్దు, పేరున్న పెద్ద ప్రచురణ సంస్థల కొత్త నవలలు అందులో అరుదు. మీవారి అభిమాన రచయితలు ఉన్నారో లేదో ముందు చూసి చందా కట్టండి. చందా ఆపిన రోజున ఆ పుస్తకాలూ వెనక్కి పోతాయి. ఇంకో చిన్న సంగతి: కాగితం పుస్తకానికి జీఎస్టీ లేదు, అచ్చు ప్రతి కూడా ఉన్న ఈ-పుస్తకానికి 5 శాతం ఉంది. అది 18 శాతం ఉండగా 2018 జులైలో తగ్గించారు. అచ్చు ప్రతిని సున్నాలో ఉంచి దీనికి పన్ను ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

ఇక ఇంట్లో ఉన్న పుస్తకాలు. ఇవ్వకండి, కనీసం ఇప్పుడే వద్దు. ఈ-రీడర్ వచ్చిన ఉత్సాహంలో బీరువా ఖాళీ చేసి, ఆర్నెల్ల తర్వాత ఆదివారం ఆబిడ్స్‌లో తమ పుస్తకాన్నే తాము తిరిగి కొనుక్కునేవాళ్లు ఉంటారు. మీ పట్టీ పద్ధతినే బీరువాకూ వాడండి. వికీసోర్స్‌లో శుభ్రమైన ఈపబ్ ఉన్నవి ఒక పక్కకు, ఎక్కడా ఏ రూపంలోనూ దొరకనివి మరో పక్కకు పెట్టండి. రెండో కుప్పే పెద్దదవుతుంది. డెబ్బైలు, ఎనభైల నాటి నవలలు, చిన్న ప్రచురణకర్తల కథా సంపుటాలు పునర్ముద్రణకు నోచుకోక, హక్కులు తీరక, ఈ-పుస్తకంగా మారక మధ్యలో చిక్కుకుని ఉన్నాయి. అవి మీ దగ్గరే ఉండాలి. మొదటి కుప్పను ఇవ్వాలనిపిస్తే చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలోనో, సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంలోనో అడగండి. మూటలు కట్టి గుమ్మంలో దించకుండా, పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం రాసిన కాగితం ముందు పంపండి. వాళ్లకు లేనివేవో చూసుకుని అవే తీసుకుంటారు.